నడవాలో జంక్షన్

ఆ రోజుల్లో అక్కావాళ్ళింట్లో వంటగది కొండ. పడకగది సముద్రం. వెనక వసారా అడవి. ముందుగది మాత్రం ముందుగదే. అది ఆఫీసు.

సంగతి తెలియనివాళ్ళు వస్తే బిత్తరపోయేవాళ్ళు. కరెంటు మీటరు చూసే అతను వచ్చి "అమ్మగారు లేరా?" అనడిగితే బావ తల కూడా ఎత్తకుండా "కొండమీదున్నారు, దిగొస్తారు, కూర్చోండి" అన్నాడు. అతను మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు.

అక్కది టూర్ల పని. మామూలు టూర్లు కాదు. కంపెనీలు తమ సరుకు బాగా అమ్మిన డీలర్లని బహుమానంగా ఊళ్ళు తిప్పి తీసుకొస్తాయి. ఆ తిప్పడం ఎలాగో అక్క ఆలోచించి పెడుతుంది. బస్సు ఎక్కడ ఆగాలి, ఎక్కడ తినాలి, ఎవరి పెట్టె ఏ గది గుమ్మంలో ఉండాలి, అన్నీ. ఇదివరకు అద్దాల బిల్డింగులోని పెద్ద ఏజెన్సీలో ఇదే పని జీతానికి చేసేది. మానేసి సొంతంగా పెట్టుకుంది. మానేసేటప్పుడు అక్కడి పెద్దాయన "నీ కుర్చీ తీయించనులే, ఎప్పుడొచ్చినా కూర్చోవచ్చు" అన్నాడట. మంచికన్నాడో ఎగతాళికన్నాడో అక్కకి తేలలేదు. ఆ కుర్చీ కలలోకొస్తోందని ఒకసారి నాతో అంది.

నాది సామాన్ల పని. మా ఊరి బడిలో ఉన్నంత చదువూ చదివి, పొలంలో కొన్నేళ్ళు చేసి, అక్క రమ్మంటే వచ్చాను. పెట్టెలెత్తుతాను, దించుతాను. మాట్లాడాల్సిన పని పెద్దగా లేదు, నాకది నచ్చింది. బావకే నచ్చలేదు.

"ఏం బామ్మర్దీ, నోటికి తాళమేసి తాళంచెవి ఊళ్ళో మర్చిపోయొచ్చావా?" అనేవాడు.

"లేదు బావా."

"అబ్బ! రెండు మాటలు. ఈ పూటకి కోటా అయిపోయింది, ఇక పడుకో."

అప్పుడే మోటారు పంపుల కంపెనీ పని తగిలింది. దాని అమ్మకాల పెద్దాయన ఏ మాటెత్తినా అందులో టార్గెట్ అని ఉండేది. మంచినీళ్ళు తాగడం కూడా ఆయనకి టార్గెట్టే. అందుకని ఇంట్లో అందరం టార్గెట్ సారు అనేవాళ్ళం. ఆయన కింద ముగ్గురు ఆఫీసర్లు. డీలర్లని కొండకి తీసుకెళ్ళాలని ఒకరు, సముద్రానికని ఒకరు, అడవికని ఒకరు. ముగ్గురికీ ఒకరి మాట ఒకరికి పడదు. ఆయన విసిగిపోయి, "మూడూ ఒకే ట్రిప్పులో పెట్టిన వాళ్ళకే పని" అని, అక్కకీ చెప్పాడు, అద్దాల బిల్డింగుకీ చెప్పాడు.

"ఇది మన చేతికొస్తే ఆఫీసు నిలబడుతుంది" అంది అక్క ఆ సాయంత్రం. "రాకపోతే నేను పోయి ఆ కుర్చీలో కూర్చుంటాను. మళ్ళీ నన్నెవరూ ఏమీ అడగొద్దు."

బావ కూడా జోకు వెయ్యలేదు.

మూడు చోట్లూ కలపడం తేలికే అనుకున్నాను. కాదట. కొండమీద హోటలు చిన్నది, సగం మందే పడతారు. సముద్రం దగ్గరా అంతే. అందుకని అక్క జనాన్ని రెండుగా చీల్చింది. ఎర్ర రిబ్బనువాళ్ళు ముందు కొండకి, తర్వాత సముద్రానికి. పచ్చ రిబ్బనువాళ్ళు ముందు సముద్రానికి, తర్వాత కొండకి. చివరికి అందరూ అడవిలో కలుసుకుంటారు, అక్కడ బహుమతులు. మధ్యలో ఒక జంక్షన్ ఊరుంది. చూడ్డానికి ఏమీ లేదు, రైలు పట్టాలూ టీ కొట్లూ తప్ప. రెండు గుంపులూ అక్కడే ఎదురుపడి, భోంచేసి, బస్సులు మారి, ఒకరి దారిన ఒకరు పోవాలి.

అక్కకో పద్ధతుంది. ఏ ట్రిప్పయినా ముందు ఇంట్లో నడిపించి చూస్తుంది. పాత ఆఫీసులో దీనికే నవ్వేవాళ్ళట. గదులు ఊళ్ళవుతాయి, ఇరుగుపొరుగు జనమవుతారు. పక్కింటి దర్జీ, ఆయన భార్య, మేడమీది రిటైరైన బస్సు కండక్టరు, ఆయన భార్య, వీధి చివర మందుల షాపాయన, ఇంకా ఖాళీగా ఉన్నవాళ్ళు ఎవరైతే వాళ్ళు. తలా ఒక సంచి తెచ్చుకోవాలి, మణికట్టుకి రిబ్బను కట్టించుకోవాలి. ఎర్రవాళ్ళ బస్సుకి బావ డ్రైవరు. పచ్చవాళ్ళ బస్సుకి కండక్టరుగారు. అక్క ముందుగదిలో విజిల్ పట్టుకుని కూర్చుంటుంది. విజిల్ ఊదితే బస్సు కదిలినట్టు.

జంక్షన్ ఊరు నడవాలో. వంటగదికీ పడకగదికీ నడుమ ఉన్న ఆ సందులోనే అత్తయ్య మంచం. అత్తయ్యంటే బావ తల్లి. మోకాళ్ళ నొప్పులు, లేవలేదు. గాలి అక్కడే బాగా తగులుతుందని అక్కడే వేయించుకుంది.

"అత్తయ్యా, మీరు జంక్షన్‌లో హోటలు" అంది అక్క.

"హోటలంటే నేనేం చెయ్యాలే?"

"ఏమీ చెయ్యక్కర్లేదు. మీరలా కూర్చుంటే చాలు."

"కూర్చోడం నాకు కొత్తా?" అంది అత్తయ్య.

నా పని ఇదీ. జనం మొదటి చోటు చూస్తుండగానే వాళ్ళ సంచులన్నీ నడవా మీదుగా రెండో చోటికి చేర్చాలి. ఎర్రవాళ్ళవి సముద్రానికి, పచ్చవాళ్ళవి కొండకి. జంక్షన్ దాటి అక్కడికి చేరాక ఎవరి సంచి వాళ్ళు తీసుకుని అడవికి రావాలి. అంతే.

మొదటిసారి నడిచాం. వసారాలో అందరూ చేరారు. దర్జీకి సంచి లేదు.

"నా సంచేదమ్మా? మీ తమ్ముడు తేలేదు" అన్నాడు.

తెచ్చాను. నా చేత్తో పడకగదిలో పెట్టాను. వెళ్ళి చూస్తే అక్కడే ఉంది, మంచం మీద, ఒంటరిగా. మిగతా ఎర్ర సంచులన్నీ వచ్చేశాయి.

"మీరు సముద్రం దగ్గరికి వెళ్ళారా?" అనడిగింది అక్క.

"వెళ్ళకపోతే ఇక్కడికెలా వస్తానమ్మా?"

"కొండ చూశారా?"

"చూశా."

"సముద్రం?"

దర్జీ కాసేపు ఆలోచించాడు. "కిటికీ ఉన్నదే కదా?"

"కిటికీ రెండింటికీ ఉంది."

"అయితే రెండూ చూశా" అన్నాడు.

మళ్ళీ నడిచాం. ఈసారి కండక్టరుగారి భార్య సంచి మిగిలిపోయింది, వంటగదిలో. ఆవిడది పచ్చ రిబ్బను. మరోసారి మందుల షాపాయనది. ప్రతిసారీ ఒక్కటే. రెండు కాదు, ఒక్కటి. ప్రతిసారీ వేరే మనిషిది. అడిగితే అందరిదీ ఒకే మాట. చెప్పినట్టే నడిచాను, విజిల్ వినబడ్డప్పుడల్లా అందరితోపాటే కదిలాను, సామాన్ల అతనే ఎక్కడో పారేశాడు.

అక్క రిబ్బన్ల రంగులు మార్చి చూసింది. నేలమీద సుద్దముక్కతో బాణం గుర్తులు వేసింది. అవి మర్నాటికి అందరి అరికాళ్ళకీ అంటుకుని ఇల్లంతా బాణాలయ్యాయి, ఏది ఎటు చూపిస్తోందో వేసిన అక్కకే తెలియలేదు. భోజనం వేళ మార్చింది. ఎర్రవాళ్ళని ముందు జంక్షన్‌కి పంపి, పచ్చవాళ్ళని ఆగమంది. ఒక సంచి మిగిలింది.

"నిజం చెప్పరా" అంది నాతో, వంటగదిలో. "నువ్వు ఎక్కడైనా తికమక పడుతున్నావా?"

"లేదక్కా."

"కోప్పడను. చెప్పు."

ఏం చెప్పను? మొదట్లో నా మీద నాకు నమ్మకముండేది. తర్వాత పోయింది. చేతిలో సంచి పట్టుకుని నడవాలో నిలబడి, ఇది ఎర్రదా పచ్చదా, నేను కొండనుంచి వస్తున్నానా కొండకి పోతున్నానా అని ఆలోచించేవాణ్ణి. ఊళ్ళో మా గేదెలు ఎన్ని దారులున్నా చీకటిపడేసరికి వాటి పాకకవే చేరేవి. చదువుకున్న మనుషులకి రెండు గదుల మధ్య ఏమైందో అర్థం కాలేదు. బావ మాత్రం తేల్చేశాడు.

"ఇంట్లో దయ్యముంది. అదీ ట్రిప్పు గెలిచిందేమో, సంచి లేకుండా వస్తోంది."

"మీకు నవ్వులాటగా ఉంది" అంది అక్క. "ఆ కుర్చీలో కూర్చోబోయేది నేను."

అంతలో టార్గెట్ సారు ఫోను. మీరేదో ఇంట్లో నడిపించి చూస్తారట, నేనూ వచ్చి నడుస్తాను అన్నాడు. అద్దాల బిల్డింగువాళ్ళు ఆయనకి అప్పటికే వాళ్ళ పథకం తెరమీద చూపించేశారట. అందులో చిన్న చిన్న బస్సు బొమ్మలు కొండ మీదికీ సముద్రం మీదికీ అవే నడుచుకుంటూ పోతాయట. చాలా బాగుందన్నాడు ఆయనే.

ఫోను పెట్టేశాక అక్క చాలాసేపు విజిల్ తాడుని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఆయన ఉదయం పూట వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో నల్ల తోలు బ్యాగు. చెప్పులెక్కడ విప్పాలో తెలియక గుమ్మంలో తటపటాయించాడు. అక్క ఆయన మణికట్టుకి ఎర్ర రిబ్బను కట్టింది. చెయ్యి చాపి బుద్ధిగా కట్టించుకున్నాడు. దర్జీ, కండక్టరుగారు, అందరూ ఉతికిన బట్టలేసుకొచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

"సంచి పోకూడదు" అంది అక్క నా చెవిలో. "ఇవాళ ఒక్క రోజు."

విజిల్ ఊదింది. బావ లేని స్టీరింగు తిప్పుకుంటూ ముందు నడిచాడు, ఎర్రవాళ్ళు వెనక. కొండెక్కారు. మా వంటగది గడప ఒక మెట్టు ఎత్తు కాబట్టి ఎక్కినట్టే ఉంటుంది. కిటికీ చూపించి, "ఇక్కణ్ణుంచి లోయ కనబడుతుంది సార్" అన్నాడు బావ. సారు తొంగి చూశాడు. అవతల ఎవరిదో బట్టల దండెం. "బాగుంది" అన్నాడు. నవ్వలేదు. అసలు నవ్వాలో కూడదో ఆయనకి తెలిసినట్టు లేదు.

నేను ఎర్ర సంచులు ఎత్తుకున్నాను. ఆయన తోలుబ్యాగుని విడిగా, రెండు చేతులతో పట్టుకుని తీసుకెళ్ళి, పడకగది మంచం మీద నడిమధ్యన పెట్టాను. రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఉంది.

విజిల్. రెండు గుంపులూ నడవాలోకొచ్చాయి. ఎర్రా పచ్చా ఎదురుపడి, ఒకరికొకరు ఒదిగి, "మీరెటు? మేమిటు" అనుకుంటూ గోలగోలగా ఉంది. నేను పచ్చ సంచులు మోసుకుంటూ దారి కోసం గోడకి ఆనుకున్నాను. అప్పుడు చూశాను.

అత్తయ్య ఒక చేత్తో సూదీ, ఒక చేత్తో దారమూ పట్టుకుని ముందునుంచి వెళ్ళేవాళ్ళని చూస్తోంది. సారు దగ్గరికి రాగానే ఆయన చొక్కా కొస పట్టుకుంది.

"నాయనా, నీ కళ్ళు బాగున్నట్టున్నాయి. కాస్త ఈ దారం ఎక్కించి పో."

ఆయన అటూ ఇటూ చూశాడు. ఇది ట్రిప్పులో ఉందో లేదో తెలియలేదు పాపం. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. దారం కొసని నాలిక మీద తడిపాడు. ఒకసారి తప్పింది. మంచం పట్టె మీద కూర్చున్నాడు. మళ్ళీ తప్పింది. ఎర్రవాళ్ళు వెళ్ళిపోయారు. బావ వెనక్కి చూడలేదు, డ్రైవరు వెనక్కి చూడడు కదా. చివరికి దారం దూరింది.

"చల్లగా ఉండు నాయనా. ఎవరబ్బాయివో. ఇదిగో, అటుపోతూ ఈ గ్లాసు వంటింట్లో పడెయ్యి."

ఆయన గ్లాసు పుచ్చుకుని వంటగదిలోకి పోయాడు.

పచ్చ సంచులతో నేనలాగే నిలబడిపోయాను. ఇది కొత్త కాదు. దర్జీని కూడా ఇక్కడే ఆపింది, సూదికి దర్జీకంటే ఎవరు దొరుకుతారని నవ్వుకున్నాను కూడా. మందుల షాపాయన చేత మాత్రల పేరు చదివించుకుని, ఆ డబ్బా ఆయన వచ్చిన గదిలోనే పెట్టి రమ్మంది. కండక్టరుగారి భార్యని ఆ గదిలో ఫ్యాను కట్టెయ్యమని పడకగదిలోకే పంపింది. అన్నీ నా కళ్ళముందే జరిగాయి. ఇంట్లో జరిగే పనులనుకున్నాను గాని ట్రిప్పులో జరుగుతున్నాయనుకోలేదు. పెద్దావిడ పని చెప్తే చెయ్యడం ఎవరూ ఎక్కడికో వెళ్ళడం కింద లెక్కెయ్యరు. అందుకే ఎవరికీ గుర్తులేదు. గ్లాసు పెట్టడానికి కొండమీదికి తిరిగి వెళ్ళిన మనిషి అక్కడ జనం కనబడితే తనవాళ్ళే అనుకుంటాడు. విజిల్ వినబడితే వాళ్ళతోనే కదులుతాడు.

"సార్, అటు కాదు" అందామని నోరు తెరిచాను. నా నోరు సంగతి తెలిసిందే. చేతిలోని పచ్చ సంచులు కొండ గుమ్మంలో దించి, మాట బయటికి తెచ్చేలోపు అక్క విజిల్ ఊదేసింది.

వసారాలో అందరూ చేరారు. పూలకుండీల పక్కన వరసగా నిలబడ్డారు. అక్క ముందుగదిలోంచి గబగబా వచ్చి ముందు సంచుల వైపే చూసింది. తర్వాత సారు చేతుల వైపు చూసింది. ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి.

"నా బ్యాగేదీ?" అన్నాడాయన.

అక్క నా వైపు తిరిగింది.

"సముద్రం దగ్గరుంది సార్" అన్నాను.

"నేను సముద్రం దగ్గరికి వెళ్ళలేదా?"

"లేదు సార్. మీరు కొండకి వెళ్ళారు. మళ్ళీ కొండకే వెళ్ళారు."

"నాకు రెండోది సముద్రం అనిపించిందే. కొళాయి కారుతుంటే అదేననుకున్నా."

అప్పుడు చెప్పాను. అంత పొడుగు మాట ఆ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. "అత్తయ్య సూది ఇచ్చింది. తర్వాత గ్లాసిచ్చింది. అది పెట్టడానికి సారు వచ్చిన దారినే వెనక్కి పోయారు. దర్జీగారూ అంతే. అందరూ అంతే అక్కా."

కాసేపు ఎవరికి వాళ్ళు వెనక్కి ఆలోచించుకున్నారు. ఒక్కొక్కరికీ గుర్తొస్తోందని మొహాల్లో తెలుస్తోంది.

"ఔనౌను, నాకూ సూదే" అన్నాడు దర్జీ.

"నాకు ఫ్యాను" అంది కండక్టరుగారి భార్య. భర్త వైపు తిరిగి, "నేను కొండకి రాలేదని మీకు తెలీదా?" అంది.

"నువ్వు లేవని తెలిసింది. హాయిగా ఉందనుకున్నా" అన్నాడాయన. "సారుగారు రెండోసారీ కొండమీద కనబడ్డారు. ఎక్కినవాళ్ళని దింపడం నా సర్వీసులో లేదు. పెద్దమనిషి, ఇంకోసారి చూడాలని ఉందేమో అనుకున్నా."

నడవాలోంచి అత్తయ్య గొంతు వినబడింది. "ఏమే అమ్మాయ్, గ్లాసివ్వడం కూడా తప్పేనా?"

అక్క వసారా మెట్టు మీద కూలబడింది. విజిల్ మెడలోంచి తీసేసి పక్కన పెట్టింది. నాకు ఆ కుర్చీ కనబడింది, నేనెప్పుడూ చూడని కుర్చీ. ఆవిడ అప్పుడే అందులో కూర్చున్నట్టుంది.

"అద్దాల బిల్డింగువాళ్ళు చూపించినదాంట్లో" అన్నాడు సారు నెమ్మదిగా, "ఎవరూ తప్పిపోలేదమ్మా."

"అందులో ఎవరూ నడవలేదు సార్" అంది అక్క. తల ఎత్తలేదు. వాదనకి అన్న మాట కాదు, అలిసిపోయి అన్న మాట.

ఆయన మణికట్టు మీది రిబ్బనుని ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"పోయినేడాది మా వాళ్ళు ఒక ట్రిప్పులో ఇద్దరు డీలర్లని ఎక్కడో మర్చిపోయొచ్చారు" అన్నాడు. "ఎక్కడ తప్పిపోయారని ఆ డీలర్లని అడిగితే ఇప్పటికీ చెప్పలేరు. అన్ని చోట్లకీ వెళ్ళామనే అంటారు. నాకు వాళ్ళ మీద కోపం ఉండేది. ఇవాళ నేనే గ్లాసు పట్టుకుని..." ఆగి, "మీ జంక్షన్ ఊళ్ళో టీకొట్లున్నాయన్నారు కదా. అక్కడ మా డీలర్లకి తెలిసినవాళ్ళు కనబడతారు. పంపు పాడైందని ఎవరో చొక్కా పట్టుకుంటారు. పట్టుకోకుండా ఉంటారా?"

"ఉండరు" అన్నాడు బావ.

"ఉండరు సార్" అంది అక్క. ఈసారి తలెత్తింది. "కొండ దగ్గర, సముద్రం దగ్గర మనిషిని పెట్టాను. చూడాల్సిందేమీ లేదని జంక్షన్‌లో ఎవర్నీ పెట్టలేదు. తప్పు అక్కడే ఉంది. అక్కడ పట్టాలి."

"అయితే పట్టండి. రేపు మా ముగ్గురు ఆఫీసర్లనీ పంపిస్తా. ఒకడికి కొండా, ఒకడికి సముద్రం, ఒకడికి అడవి కదా. మీ నడవాలో ఒక్కసారి తప్పిపోతే ముగ్గురికీ బుద్ధొస్తుంది."

అక్క లేచి నిలబడింది. "అంటే సార్, ట్రిప్పు..."

"మీకే. బొమ్మ బస్సులవాళ్ళకి నేను ఫోను చేస్తా. టార్గెట్ ఒకటే, ఎంతమంది వెళ్తే అంతమంది తిరిగి రావాలి." రెండడుగులు వేసి ఆగాడు. "సముద్రం నేను చూడలేదు."

అక్క దారి చూపించింది. ఆయన నడవాలో అత్తయ్య ముందునుంచి జాగ్రత్తగా, గోడవైపు ఒదిగి వెళ్ళి, పడకగది కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అవతల పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు ఉంటుంది. ఏం చూశాడో తెలియదు. వెళ్ళేటప్పుడు రిబ్బను విప్పమంటే వద్దన్నాడు, అలాగే వెళ్ళిపోయాడు.

అందరూ పోయాక అక్క నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా కాసేపు మొహం కడుక్కుంది. నేను నడవాలోకెళ్ళి అత్తయ్యని అడిగి, మంచం ఒక కొస పట్టుకుని జరపబోయాను. రేపు ఆఫీసర్లొస్తారు కదా అని.

"అక్కడే ఉంచరా" అంది అక్క.

"మళ్ళీ పట్టుకుంటుందక్కా."

"పట్టుకోనీ. రేపు నువ్వు సంచులు మొయ్యొద్దు. ఆ మంచం పక్కనే నిలబడు. ఎవరు ఎటునుంచొచ్చారు, ఎటు పోవాలి, అది చూడు చాలు. అసలు ట్రిప్పులో కూడా నీ చోటు జంక్షనే. ఇక నోరు తెరవాలి మరి."

"అయ్యో, బామ్మర్ది నోరు తెరవాలా" అన్నాడు బావ. "తాళంచెవి కోసం ఊరికెళ్ళాల్సిందే."

మంచం కాలు దింపాను. వాళ్ళు ముందుగదిలోకి వెళ్ళిపోయారు. సరే, నిలబడి అలవాటు చేసుకుందామని మంచం పక్కన నిలబడ్డాను. కుడివైపు కొండ, ఎడమవైపు సముద్రం. ఇవాళ్టిదాకా ఎర్ర సంచులూ నేనే మోశాను, పచ్చ సంచులూ నేనే మోశాను. నాకు మాత్రం ఎవరూ రిబ్బను కట్టలేదు. అడగాలనీ తోచలేదు.

"ఎవరది, నువ్వేనా?" అంది అత్తయ్య. "ఎలాగూ ఖాళీగా నిలబడ్డావు. ఈ గ్లాసు ఆ వంటింట్లో పెట్టేసి రా నాయనా."

చెయ్యి దానంతటదే సాగింది. గ్లాసు తీసుకున్నాను. ఒక అడుగు వేశాక గుర్తొచ్చి ఆగాను. పోతే చోటు వదిలినట్టు. పోకపోతే పెద్దావిడ మాట కాదన్నట్టు. ముందుగదిలో అక్క ఫోనులో ఎవరికో సముద్రం దగ్గర గదులు చెప్తోంది, గొంతు చాలా హుషారుగా ఉంది.

గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.